నగర యాత్రకు కావలసిన కాలజ్ఞానం

యాత్ర విద్యలో ఒక భాగమన్నది పెద్దలందరూ అంగీకరించిన మాట. "సఫర్ వసీలా-ఎ-జఫర్" అని ఉర్దూలో ఒక నానుడి ఉన్నది. ప్రయాణమే విజయానికి సాధనమని దాని భావం. తెలుగువారు 'లోకజ్ఞానం' అని గౌరవంగా చెప్పుకొనేది కూడా నాలుగు చోట్ల తిరిగి, నలుగురిని చూచి సంపాదించుకొన్న జ్ఞానాన్ని గురించే. అయితే ఆలోచన లేని యాత్ర వలన మిగిలేది జ్ఞానం కాదు, అలసట మాత్రమే. కళాశాలల్లో విహారయాత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'ఎక్కడికి పోదాం' అన్న ప్రశ్న మీదనే చర్చ అంతా సాగుతుంది. 'ఎప్పుడు పోదాం', 'దేనిలో పోదాం' అన్న ప్రశ్నలు చివరి రెండు రోజులకు మిగిలిపోతాయి. ఈ వరుస తలక్రిందులు కావాలని మా అభిప్రాయం. శంషాబాదు వైపు నుండి హైదరాబాదు నగరానికి పోదలచిన విద్యార్థి బృందం మొదట ఋతువును, తరువాత వాహనాన్ని నిర్ణయించుకొని, ఆ పిమ్మటనే చూడవలసిన స్థలాలను ఎంచుకోవాలి.

తెలుగులో 'కాలం' అన్న ఒక్క మాటే గడియారంలోని వేళకూ, ఎండ వాన చలులకూ చెల్లుతుంది. ఉర్దూలో వాతావరణాన్ని 'మౌసం' అంటారు. అరబ్బీలో ఆ మాటకు నియమితమైన కాలమని అర్థం. అరబ్బు నావికులు గాలి మళ్ళే కాలాన్ని చూచుకొనే ఓడలు నడిపేవారు. ఇంగ్లీషువారి 'మాన్సూన్' కూడా ఆ మాట నుండి పుట్టినదే. మన కళాశాలలో వినిపించే రెండు భాషలూ వాతావరణాన్నీ సమయాన్నీ విడదీసి చూడలేదన్నమాట. విడదీస్తున్నది మనమే.

శంషాబాదు పేరులోనే సూర్యుడున్నాడు. 'షమ్స్' అంటే సూర్యుడు. పైగా ప్రభువుల 'షమ్సుల్ ఉమ్రా' బిరుదు మీదుగా ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. ఆ సూర్యుని ప్రతాపం వేసవిలో ఎట్లుంటుందో ఈ ప్రాంతపు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. "రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతా"యన్న సామెత ఊరికే పుట్టలేదు. హైదరాబాదులో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2వ తేదీన. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేళ గోల్కొండ కోట మెట్లెక్కించడం విజ్ఞానయాత్ర అనిపించుకోదు. పరీక్షలు ముగిసిన తరువాత తీరిక దొరుకుతుందన్న కారణంతో వేసవిలో యాత్ర పెట్టుకొనే ఆచారం మన సౌకర్యాన్ని చూచుకొన్నదే గాని సూర్యుణ్ణి చూచుకొన్నది కాదు.

ఇక వాన సంగతి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు" అన్నారు. వాన ఏ నిమిషంలో కురుస్తుందన్న విషయంలో ఆ సామెత నేటికీ నిజమే. ఏ దినం కురుస్తుందన్న విషయంలో మాత్రం అది పాతబడింది. నైరుతి ఋతుపవనం జూన్ రెండవ వారం ప్రాంతంలో, మృగశిర కార్తె వేళకు, ఇక్కడికి చేరుతుంది. అక్టోబరులో తిరుగుముఖం పడుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టినా, జడివాన నిలిచిన గంటకు రోడ్డు మీద నడవవచ్చు. ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఋతువు చివర. పగలంతా నేల కాగి, సాయంత్రానికి మబ్బులు కమ్మి, కళాశాలలూ కార్యాలయాలూ వదిలే వేళకు ఒక్క గంటలో కుండపోతగా కురిసే వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సామాన్యం. హైదరాబాదులో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 80 సెంటీమీటర్లు. అందులో 2000 ఆగస్టు 24న ఒక్క దినంలో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఏడాది వానలో నాలుగవ వంతు ఒక్క పగలూ రాత్రీ మధ్య పడితే నగరం ఏమి కావాలి?

2020 నాటి అనుభవం మన ప్రాంతానిదే గనుక కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. శంషాబాదు, విమానాశ్రయం ఉన్న నేల మెరక. విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ పడిన నీరు గొలుసుకట్టు చెరువుల మీదుగా మూసీ వైపు దిగిపోవాలి. మన రహదారి, ఆ నీటి దారి ఒకదానినొకటి దాటే చోట్లు కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటి గగన్‌పహాడ్. ఆ అక్టోబరు 13 రాత్రి అక్కడి అప్పా చెరువు నీరు బెంగుళూరు జాతీయ రహదారిని ముంచెత్తి, రహదారిని కోసివేసింది. వాహనాలు కొట్టుకొనిపోయినవి. ప్రాణనష్టం జరిగింది. శంషాబాదుకూ నగరానికీ మధ్య ఆ దారిన రాకపోకలు స్తంభించినవి. చెరువు స్థలంలో వెలసిన కట్టడాలను 2024 ఆగస్టు చివర అధికారులు తొలగించారు. చెరువు చోటు చెరువుకు విడువకపోతే నీరు తన దారిని తానే వెతుక్కుంటుందన్న పాఠం అంతకు ముందే ఎందరికో ఖరీదుగా అందినది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యవిషయం ఒకటున్నది. ఆ వాన చెప్పకుండా వచ్చినది కాదు. బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం అదే రోజు ఉదయం కాకినాడ సమీపంలో తీరం దాటింది. దాని దారి తెలంగాణ మీదుగానే ఉన్నది. వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అనే నాలుగు రంగుల్లో ప్రతి దినం హెచ్చరికలు వెలువరిస్తుంది. వాటిని చదవడానికి శాస్త్రపరిజ్ఞానం అక్కరలేదు. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే జాగ్రత్త చర్యలకు దిగమని. యాత్రా బృందానికి ఎరుపు రంగు అంటే ఇల్లు కదలవద్దనే అర్థం. గొడుగు ఉన్నదా లేదా అని అడిగే మనం, రేపటి రంగు ఏమిటని అడగడం కూడా అలవాటు చేసుకోవాలి.

మన తల మీద పడని వాన కూడా మన దారిని మూయగలదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల్లోకి పైన వికారాబాదు దిక్కు నుండి నీరు వస్తుంది. అవి నిండి గేట్లు ఎత్తినప్పుడు దిగువన మూసీ మీది లోతట్టు వంతెనలపై రాకపోకలు ఆపుతారు. 2025 సెప్టెంబరు చివరివారంలో అట్లే వదలిన నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఆవరణలోకే చేరి, ప్రయాణికులు చిక్కుపడిపోయినారు. కనుక ఆకాశాన్ని చూచినంత మాత్రాన చాలదు, జలాశయాల వార్తను కూడా చూడాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో విజ్ఞానయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయినది, పైనున్న ఆనకట్ట నుండి నీరు వదలడం వల్లనే. ఆ దినం అక్కడ ఆకాశం వారిని హెచ్చరించలేదు. యాత్ర బాధ్యత వహించే కమిటీ వారు ఈ ఒక్క సంగతిని ఎన్నడూ మరువరాదు.

చలికాలం యాత్రకు ఉత్తమమని అందరూ అంటారు. మేమూ అంటున్నాము, కొన్ని షరతులతో. డిసెంబరు, జనవరి నెలల్లో శంషాబాదు పరిసరాల్లో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. దట్టమైన పొగమంచు పట్టిన ఉదయం విమానాలే ఆలస్యమౌతాయి, కొన్ని వేరే నగరాలకు మళ్ళుతాయి. విమానానికే దారి కనిపించని వేళలో విద్యార్థుల వాహనం రహదారి ఎక్కవలసిన అవసరం లేదు. ఆ నెలల్లో ఎనిమిది తరువాత బయలుదేరితే పోయేదేమీ ఉండదు.

ఋతువుతో పాటు చూడవలసిన పంచాంగాలు ఈ నగరంలో రెండున్నవి. ఆషాఢంలో బోనాలు, అనంత చతుర్దశి నాడు గణేశ నిమజ్జనం, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు, రంజాన్ రాత్రుల్లో చార్మినార్ సందడి - ఇవన్నీ చూడదగినవే. కాని ఆ దినాల్లో దారులు మళ్ళిస్తారు, బస్సులు చుట్టు తిరిగి పోతాయి. 2023లో మిలాద్-ఉన్-నబీ, గణేశ నిమజ్జనం సెప్టెంబరు 28న ఒకే దినం వచ్చినవి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లోనూ ఊరేగింపును సెప్టెంబరు 19కి జరుపుకున్నారు. నగర క్షేమం కోసం పండుగ ఊరేగింపు తేదీనే మార్చుకొన్న ఊరిలో, ఒక కళాశాల తన విహారయాత్ర తేదీని మార్చుకోలేదా?

చాంద్రమాన గణన ప్రకారం రంజాన్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. 2026లో ఫిబ్రవరి మూడవ వారంలో మొదలయ్యేది 2028లో జనవరి చివరకు, 2030లో జనవరి మొదటివారానికి వస్తుంది. ఆ 2030లోనే డిసెంబరు చివర మరొకసారి కూడా రంజాన్ మొదలౌతుంది. నెలవంక దర్శనాన్ని బట్టి ఒక దినం అటూ ఇటూ కావచ్చు. కనుక రాబోయే కొన్నేళ్ళు చలికాలపు మంచి దినాలు కొన్ని ఉపవాస దినాలే కానున్నవి. రోజా ఉన్న విద్యార్థిని కోట చుట్టూ త్రిప్పడం తగదు, వారిని విడిచిపోవడం అంతకన్నా తగదు. మధ్యలో సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నవి. ఇవన్నీ తీసివేయగా నవంబరు రెండవ పక్షం నుండి డిసెంబరు మధ్య వరకు ఉన్న నాలుగు వారాలే మన యాత్రకు అనువైనవని మా లెక్క. ఎండ ఉండదు, ఋతుపవనం వెనుదిరిగి ఉంటుంది, పొగమంచు ఇంకా ముదరదు.

వారంలో దినం సంగతి కూడా చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం తీరిక ఉంటుందని మనలో చాలామంది ఆ దినాన్నే కోరుకుంటారు. కాని సాలార్ జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. మక్కా మసీదు దగ్గర జుమా నమాజుకు జనసమ్మర్దం ఉంటుంది. జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరచి ఉంటాయి గాని నగరమంతా అక్కడే ఉంటుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకొంటే చూచినదేదో నెమ్మదిగా చూడవచ్చు. ఇంత చిన్న విషయం తెలియక మ్యూజియం గేటు చూచి తిరిగివచ్చే బృందాలు తక్కువ కావు.

ఇప్పుడు వాహనం. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు తరలివచ్చిన తరువాత ఈ ప్రాంతపు దారుల రూపమే మారింది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన తెరిచారు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. అయితే ఈ రెండు దారులూ ప్రధానంగా కారున్నవారి కోసం ఏర్పడినవి. బాహ్యవలయ రహదారి మీద ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు. విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సులు శీతల సౌకర్యం కలవి, రాత్రింబవళ్ళు తిరుగుతాయి, సామానుతో వచ్చేవారికి ఎంతో ఉపకారం చేస్తున్నవి. కాని వాటి ఛార్జీ ప్రతి విద్యార్థికి అందుబాటులో ఉండదు. 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు లభించిన ఉచిత ప్రయాణం సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే గాని పుష్పక్‌లో లేదు. మెట్రో రైలుకు విమానాశ్రయ మార్గం కోసం 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. తరువాత ఆ మార్గాన్నే మార్చాలని నిర్ణయించారు. ఆ రైలు ఇంకా రావలసి ఉన్నది.

అయినా మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉన్నది, మనం దానిని తగినంతగా వాడుకోవడం లేదు. అది ఉందానగర్ స్టేషన్. 2003లో నగరంలో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలును ఫలక్‌నుమా నుండి ఉందానగర్ వరకు 2023 ఏప్రిల్ 8న పొడిగించారు. అయిదు రూపాయల నుండి టికెట్ మొదలయ్యే ఈ రైలుకు ఆరాంఘర్ కూడలి లేదు, ఎర్ర దీపాల వద్ద పడిగాపులు లేవు. రైళ్ళ మధ్య వ్యవధి ఎక్కువ గనుక వేళల పట్టిక ముందుగా చూచుకోవాలన్నదొక్కటే నియమం. ఒకే రైలుదారిని పట్టుకొని ఒక దినపు యాత్ర ఎట్లు సాగించవచ్చునో చూడండి. ఉందానగర్‌లో ఎక్కి యాకుత్‌పురాలో దిగితే, అక్కడి నుండి ఆటోలో 1591లో కట్టిన చార్మినార్, దాని చెంతనే మక్కా మసీదు, చౌమహల్లా. ఎండ ముదిరే మధ్యాహ్నం వేళకు సాలార్ జంగ్ మ్యూజియం నీడ. తరువాత మలక్‌పేటలో తిరిగి రైలెక్కితే ఆర్ట్స్ కాలేజి స్టేషన్. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆ ప్రసిద్ధ భవనాన్ని 1939లో ప్రారంభించారు. మాతృభాషలో ఉన్నతవిద్య సాధ్యమా అని నేటికీ వాదించుకొనే మనకు ఆ రాతిభవనం ఒక జవాబు. సాయంత్రపు రద్దీకి ముందే తిరుగు రైలెక్కవచ్చు.

అద్దె బస్సు మాట్లాడుకొంటే ఇంత తంటా ఎందుకని కొందరు అనవచ్చు. వారి మాటలో సబబు లేకపోలేదు. ఇంటి ముందు ఎక్కి ఇంటి ముందు దిగవచ్చు, ఎవరూ తప్పిపోరు. నడవలేని విద్యార్థులుంటే, తిరిగి రావడం రాత్రికి పడితే, అద్దె వాహనమే శ్రేయస్కరం. కాని అద్దె బస్సుకు వేసుకొనే చందా ఎంత పెరిగితే అంతమంది విద్యార్థులు 'ఇంట్లో పని ఉన్న'దని చెప్పి తప్పుకుంటారు. ఆ పని ఏమిటో మనకందరికీ తెలుసు, ఎవరమూ అడగము. ముందుగా జారిపోయేవారు విద్యార్థినులు. ఆడపిల్లకు అంత ఖర్చు ఎందుకన్న మాట ఇంకా కొన్ని ఇళ్ళలో వినిపిస్తున్నది. పైగా చార్మినార్ పరిసరాల్లో పెద్ద బస్సు నిలుపుకొనే చోటు లేదు, ఎక్కడో దించి నడిపించక తప్పదు. ఉచిత బస్సు, అయిదు పది రూపాయల రైలు ఉండగా చందా కారణంగా ఒక్క విద్యార్థిని యాత్రకు దూరమైనా, ఆ లోపం ఆమె ఇంటివారిది కాదు, మన ప్రణాళికది.

ఇంకొక ప్రయోజనం కూడా ఉన్నది. అద్దె బస్సులో పోయినవాడు నగరాన్ని అద్దంలో నుండి చూస్తాడు. వేళల పట్టిక చదివి, టికెట్ కొని, దారి అడిగి, నలుగురితో నిలబడి పోయినవాడు నగరంలో మసలడం నేర్చుకుంటాడు. రేపు ఉద్యోగ పరీక్షకో, ఇంటర్వ్యూకో ఒంటరిగా పోవలసివచ్చిన దినం ఆ నేర్పే అక్కరకు వస్తుంది. నిజామాబాదు, జగిత్యాల పల్లెల నుండి గల్ఫ్ దేశాలకు పోయే శ్రామికులు, నాంపల్లి హజ్ హౌస్ నుండి బయలుదేరే యాత్రికులు శంషాబాదు దారిన ప్రతి ఏటా పోతూ ఉంటారు. వారిలో చాలామందికి వాన వల్ల ఆలస్యమైన ఒక్క గంట, తప్పిపోయిన ఒక్క విమానం, నెలల కష్టార్జితంతో సమానం. వారికి దారి చెప్పగల చదువుకున్న యువకుడు ఇంటికొకడు ఉంటే అదే మన విద్యకు సార్థకత.

ఈ ఆలోచనలతో కళాశాల కమిటీ వారికి కొన్ని సూచనలు సవినయంగా మనవి చేస్తున్నాము. యాత్ర తేదీని విద్యా సంవత్సరం ఆరంభంలోనే, రెండు పంచాంగాలూ ఎదుట పెట్టుకొని నిర్ణయించాలి. దానితో పాటు పదిహేను రోజుల వ్యవధిలో మరొక తేదీని కూడా కేటాయించాలి. బయలుదేరే ముందటి సాయంత్రం వాతావరణ హెచ్చరిక చూచి, నారింజ గాని ఎరుపు గాని ఉంటే ఎవరినీ అడగకుండానే యాత్ర రెండవ తేదీకి మారిపోవాలి. అట్లు ముందుగానే నియమం ఉంటే వాయిదా వేసినందుకు ఎవరి మీదా నింద ఉండదు. నలభై మందిని ఒకే బస్సులో ఎక్కించే ప్రయత్నం మాని, ఎనిమిదేసి మంది జట్లుగా చేసి, జట్టుకొక నాయకుని, ఒక కలుసుకొనే స్థలాన్ని నిర్ణయించాలి. గ్రంథాలయం వద్ద ఒక నోటీసు బోర్డు మీద రైలు, బస్సు వేళలు, ఆనాటి వాతావరణ సూచన ఉర్దూ, తెలుగు రెండింటిలోను వ్రాసి ఉంచే పనిని విద్యార్థులకే అప్పగించాలి. ఖర్చు సుద్దముక్కకే.

ప్రభుత్వానికి, రైల్వే వారికి, ఆర్టీసీ వారికి మన కళాశాల పక్షాన ఒక విజ్ఞప్తి పంపడం కూడా అవసరమని భావిస్తున్నాము. రైలు ఉందానగర్ దగ్గర ఆగిపోతుంది, విమానాశ్రయం అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరం. ఆ కొద్ది దూరానికి ప్రతి రైలుకూ అందేటట్లు ఒక సామాన్య బస్సు ఉంటే విద్యార్థికీ, విమానాశ్రయంలో పనిచేసే చిరుద్యోగికీ, సామాను మోసుకొని వచ్చే గల్ఫ్ శ్రామికునికీ సమానంగా మేలు జరుగుతుంది. కోట్ల రూపాయల మార్గాలు వచ్చేలోపల ఈ చిన్న అతుకు వేయవచ్చు.

బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు, అందరికన్నా తక్కువ డబ్బు ఉన్నవారు, ఆ దినం ఉపవాసంలో ఉన్నవారు, చీకటి పడకముందు ఇల్లు చేరవలసినవారు - వీరందరూ సుఖంగా వెళ్ళి సుఖంగా తిరిగి వచ్చిననాడే అది కళాశాల యాత్ర అనిపించుకుంటుంది. రాబోయే నవంబరులో అటువంటి యాత్ర ఒకటి సాగుతుందని, అందుకు కావలసిన నిర్ణయాలు కమిటీ వారు ఈ విద్యా సంవత్సరంలోనే చేస్తారని ఆశిస్తున్నాము.